బెంగుళూరి మహాగణక దర్శనము

యాత్ర యనగానే మన స్త్రీలకు కాశియు రామేశ్వరమును తిరుపతియు తలపునకు వచ్చును. అచ్చట గోపురము కలదు, తీర్థము కలదు, గర్భగృహమున మూర్తి కలదు. కన్నులార చూచి, చేతులార మ్రొక్కి, ప్రసాదమును కొంగున ముడివైచుకొని యింటికి వత్తుము. మేమిప్పుడు వ్రాయబోవు స్థలమున నివి యేవియు లేవు. ఆ మందిరపు వాకిటివరకు పోయియు మేము లోనికి పోలేదు. లోపలనున్న దానిని కంటితో చూడలేదు. ఐనను అందలి ఆరువందల పైచిలుకు యంత్రములలో ఏది పనిచేయుచున్నదో, ఏది విశ్రమించుచున్నదో, ఏది జబ్బుపడి యున్నదో, ఒక చిన్నబల్లయొద్ద కూర్చుండి గంటసేపటిలో తెలిసికొంటిమి. అది యెట్లో సోదరీమణులకు విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు.

మా అక్కగారి కుమార్తె బెంగుళూరునందలి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు అను విద్యాలయమున బంగాళాఖాతపు తుపానులను గూర్చి పరిశోధన చేయుచున్నది. పండుగకు రమ్మన్నను, పెండ్లికి రమ్మన్నను, "నా జాబ్ ఇంకను పెండింగులోనే యున్నదమ్మా" అని టెలిఫోనులో చెప్పుచుండెను. మా అక్కగారు తెలుగు తప్ప వేరు భాష యెరుగని యిల్లాలు. జాబ్ అనగా జాబు, ఉత్తరము కాబోలునని మొదట ననుకొనిరి. ఇరుగుపొరుగువారు జాబ్ అనగా ఉద్యోగమని చెప్పగా, చదువు ముగియకయే పిల్ల ఉద్యోగమునకై తిరుగుచున్నదనియు, అది దొరకక బెంగపెట్టుకొన్నదనియు తలచి కన్నీరు పెట్టుకొనిరి. నడిరేయి రెండుగంటలకు లేచి కూర్చుండుననియు, చిక్కిపోయినదనియు తోడి బాలికవలన వినినపిదప వారికి అన్నము సహింపలేదు. "మీరు దాపున నున్నారు, ఒక్కసారి పోయి చూచి రండు" అని మమ్ము కోరిరి. మావారి పాఠశాలకు సెలవు దొరకగనే మేమిరువురమును బయలుదేరితిమి.

మేముండునది అనంతపురము. అచ్చటినుండి బెంగుళూరునకు రైలుదారి చక్కనిది. బండి ధర్మవరము చేరునప్పటికి తెల్లవారుచుండెను. పట్టుచీరల ఊరని పేరే గాని, ఆ వేళ మాకు కనబడినవి కాఫీగ్లాసులును ఇడ్డెనల పొట్లములును మాత్రమే. పెనుకొండ కానవచ్చినంతనే మావారిలోని ఉపాధ్యాయులు మేలుకొని, 1565లో తళ్ళికోట యుద్ధము జరిగిన పిమ్మట విజయనగర ప్రభువులు తమ రాజధానిని ఈ దుర్గమునకు మార్చిన వృత్తాంతమును ఎదుటి బల్లమీది కుర్రవానికి గూడ వినిపించిరి. హిందూపురము దాటిన తోడనే స్టేషనుల పేళ్ళు కన్నడ లిపిలోనికి మారెను. ఆ లిపి మన లిపికి తోబుట్టువు గనుక కూడబలుకుకొని చదువుచు, గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురము, యలహంకల మీదుగా యశ్వంతపురమున దిగితిమి.

విద్యాలయము ఆ స్టేషనునకు మిక్కిలి చేరువ. జంషెడ్జీ టాటాగారు సంకల్పించిన యీ సంస్థ, వారు 1904లో గతించిన పిమ్మట, 1909లో ఏర్పడినది. దీనికి కావలసిన విశాలమైన భూమిని మైసూరు సంస్థానము వారిచ్చిరి. ఆవరణమంతయు చెట్ల నీడయే. పట్టణపు రొద గోడకావలనే నిలిచిపోవును. 1933లో కమలా భాగవత్ అను యువతి ఇచట చేరగోరగా, అప్పటి డైరెక్టరగు సర్ సి. వి. రామన్ గారు ఆడుదియను కారణమున మొదట వలదనిరి. ఆమె పట్టు విడువలేదు. తుదకు కొన్ని నిబంధనలతో చేర్చుకొనిరి. ఆమెయే తరువాత కమలా సోహొనీ యను పేర ప్రసిద్ధిజెంది, 1939లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందెను. నేడా చెట్లక్రింద సైకిళ్ళపై పోవు బాలికల వరుసలను చూచి మేము ఆ యిల్లాలికి మనసులో నమస్కరించితిమి.

పిల్ల చిక్కినమాట నిజమే. కన్నులక్రింద నల్లని చారలు. ఎట్లున్నావని యడుగగా, "బాగానే యున్నాను పిన్నీ" యనినది. ఆ మాటను మేమప్పటికి అంతటితో విడిచితిమి.

మధ్యాహ్నభోజనమైన పిదప తన పనిని మాకు చూపెదనని తీసికొనిపోయినది. మహాగణకమనగా గోపురమంత యంత్రమొక్కటి యుండునని మేమనుకొంటిమి. అట్లు కాదట. పూనాలో 1988లో ఏర్పడిన సీ-డాక్ అను ప్రభుత్వ సంస్థవారు 1991లో 'పరం 8000' అను మహాగణకమును కట్టిరి. ఆ వంశమునకు చెందినదే యిచటి 'పరం ప్రవేగ'. 2022లో పని మొదలిడినది. ఇది 624 కంప్యూటర్లను ఒక్క కట్టుగా కూర్చిన సముదాయము. ఇట్టిదానిని క్లస్టరు అనియు, అందలి యొక్కొక్క కంప్యూటరును నోడు అనియు పిలుతురు. వీనిలో 428 సామాన్యమైనవి. 156 జ్ఞాపకస్థలము హెచ్చుగా గలవి. 40 జీపీయూలను ప్రత్యేకపు చిప్పులు గలవి. అన్నియు గలిసి పనిచేసినచో గరిష్ఠవేగము 3.3 పెటాఫ్లాపులు. తెలుగున చెప్పవలెనన్న, సెకనునకు 33 కోట్ల కోట్ల లెక్కలు. మనము సెకనునకొక్క లెక్క చొప్పున రాత్రింబవళ్ళు వేయుచు కూర్చున్నచో, అది యొక్క సెకనులో చేయుదానికి మనకు పదికోట్ల సంవత్సరములు చాలవు!

ఆ యంత్రములకు పుట్టు వేడిని గొట్టములలో పారు నీరు మోసికొనిపోవును. అవి యున్న గదిలోనికి ఎల్లవారిని పోనీయరు. "మేమును దానిని చూడము పిన్నీ. దినమునకు పదిసార్లు పలుకరింతుము, ముఖము మాత్రమెన్నడును చూడము" అని పిల్ల నవ్వినది.

ఒక్క లెక్కకు అన్ని కంప్యూటర్లేల యని మేమడిగితిమి. పిల్ల కాగితముపై, మనము ముగ్గునకు పెట్టినట్లే, వరుసలుగా చుక్కలు పెట్టినది. ఇది బంగాళాఖాతము. ప్రతిచుక్క యొద్దను గాలి యెంత, తేమ యెంత, వేడిమి యెంత యని లెక్కింపవలెను. చుక్కల నన్నిటిని ఒక్కరే లెక్కించినచో తుపాను వచ్చి పోయినను లెక్క తెమలదు. అందుచే సముద్రమును గళ్ళుగా పంచి, గడికొకరిని కూర్చుండబెట్టుదురు. ఐతే ఒక గడిలోని గాలి ప్రక్కగడిలోనికి వీచునుగదా! అందుచే అడుగడుగునకును ప్రతివారును తమ అంచులమీది అంకెలను ఇరుగుపొరుగువారికి చెప్పి, వారివి వినవలెను. వినినగాని తరువాతి యడుగు వేయరాదు. పదిమంది చేయుచున్న పనిలో ఒక్కడు చేయి నిలిపెనా, మిగిలిన తొమ్మండుగురును చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే.

ఈ యొక్క మాట తెలిసినపిదప నోడుల క్షేమము కనిపెట్టుట యెంత ముఖ్యమో మాకు బోధపడినది.

పిల్ల లెక్కించునది పట్టుదల లేనివారు లెక్కింపగలది కాదు. మా పుట్టినిల్లు కృష్ణాజిల్లా. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచివేసిన ఉప్పెనలో వేలకొలది జనము ప్రాణములు గోలుపోయిరి. మా అక్కగారును మేమును ఆ కథలు విని పెరిగినవారము; ఈ పిల్లయు అమ్మమ్మ ఒడిలో వానినే విన్నది. తుపాను హెచ్చరికలిచ్చువారు ప్రభుత్వపు వాతావరణ శాఖవారు. ఈ పిల్ల యిచ్చునది హెచ్చరిక కాదు. తుపానులో వాన యేవైపున కుండపోతగా కురియునో, ఏల కురియునో యను ప్రశ్నకు జవాబు వెదకుచున్నది. నేటి పరిశోధన రేపటి హెచ్చరికకు పునాది యని మావారు చెప్పిరి.

పిమ్మట ఆమె తన బల్లయొద్ద మమ్ము కూర్చుండబెట్టి తెర తెరచినది. నల్లని తెరపై తెల్లని అక్షరములు, బొమ్మలు లేవు. "ఇప్పుడు మనము ప్రవేగకు వీధియరుగుమీద నున్నాము" అనినది. ఆ యరుగునకు లాగిన్ నోడు అని పేరు. పనిగలవారందరును అచ్చటికి వచ్చి తమ కోరిక వ్రాసి యిచ్చి పోవలెను. అరుగుమీదనే పొయ్యి పెట్టరాదు. అది వచ్చుపోవువారి చోటు.

లోపల పెత్తనము స్లర్మ్ అను ప్రోగ్రాముది. ఇది అమెరికాలోని లారెన్సు లివర్‌మోర్ ప్రయోగశాలలో 2002 ప్రాంతమున పుట్టినది. నేడు లోకమునందలి మహాగణకములు పెక్కింటికి ఇదియే కార్యస్థుడు. ఎవరికెన్ని నోడులు, ఎంతసేపు, ఎవరి తరువాత ఎవరికని నిర్ణయించునది ఇదియే. దీనికి పంపుకొను పనిపత్రమే జాబ్! మా అక్కగారిని ఏడిపించిన మాట యిదియేనా యని మేము నవ్వుకొంటిమి.

పిల్ల 'ఎస్‌ఇన్ఫో' అని కొట్టినది. తోడనే నోడుల స్థితి వరుసగా తెరమీద వచ్చినది. 'అలాక్' అనగా నోడు పూర్తిగా పనికి ఒప్పగింపబడినది. 'మిక్స్' అనగా కొంత పనిలోను కొంత ఖాళీగాను ఉన్నది. 'ఐడిల్' అనగా తీరికగా నున్నది. 'డౌన్' అనగా పడిపోయినది. 'డ్రెయిన్' అనునది మాకు మిక్కిలి నచ్చిన మాట. నోడునకు నలత యున్నదని సందేహము కలిగినపుడు దానిని తటాలున ఆపివేయరు. ఉన్న పనిని ముగించుకొననిత్తురు; క్రొత్త పని మాత్రమప్పగింపరు. చేయి ఖాళీయైన పిదప వైద్యము చేయుదురు. వంటలో నున్న కోడలికి జ్వరము తగిలినదని తెలిసినపుడు, చేతిలోనున్న పోపు ముగింపనిచ్చి, "ఇక నీవు లేచి పండుకొనుము" అను అత్తగారి మర్యాద యిది. మరియు నోడు నెవరు విశ్రాంతికి పంపిరో, ఎప్పుడు పంపిరో, ఏ కారణమున పంపిరో వ్రాసిపెట్టి యుండును. అడిగినవారికి అది చూపును.

పెత్తనపు ప్రోగ్రాము నోడులను అప్పుడప్పుడు పలుకరించుచునే యుండును. ప్రతినోడునందును జవాబు చెప్పుటకొక చిన్న ప్రోగ్రాము కావలి యుండును. జవాబు రానిచో నోడు పేరుప్రక్క నక్షత్రపు గుర్తు పడును. మామూలు ఏర్పాటున అయిదు నిమిషములు చూచి, అప్పటికిని పలుకకున్న పడిపోయినదని వ్రాయును.

అటుపిమ్మట 'ఎస్‌క్యూ' అని కొట్టినది. ఇది జాబుల వరుస. ప్రతిదానికి ఒక సంఖ్య, యజమాని పేరు, స్థితి, గడచిన కాలము. 'పీడీ' అనగా వేచియున్నది, 'ఆర్' అనగా నడచుచున్నది, 'సీజీ' అనగా ముగించుకొని సర్దుకొనుచున్నది. వేచియున్న దానికి ఎందుకు వేచియున్నదో కారణము గూడ కడపట నుండును. 'రిసోర్సెస్' అన్నచో నీవంతు వచ్చినది గాని కావలసినన్ని నోడులు ఖాళీ లేవని యర్థము. 'ప్రయారిటీ' అన్నచో నీకంటె ముందువారున్నారని యర్థము. 'డిపెండెన్సీ' అన్నచో నీవు చెప్పిన మరియొక పని ముందు ముగియవలెనని యర్థము. పిల్ల జాబు ప్రక్క 'ప్రయారిటీ' అని యుండెను.

ఈ వరుస వచ్చినవారికి వచ్చినట్లు కాదు. ఇటీవల హెచ్చుగా వాడుకొన్నవారు కొంత వెనుకకు జరుగుదురు. వాడుకొననివారు ముందునకు వత్తురు. పంక్తిలో రెండుమారులు వడ్డించుకొన్నవానిని ఆగుమని, విస్తరి ముందు ఊరక కూర్చున్నవానికి ముందు వడ్డించుట వంటిది. మరియొక సూక్ష్మము: పెద్దజాబునకు నోడులు కూడువరకు కొన్ని ఖాళీగా పడియుండును. ఆ సందున త్వరలో ముగియు చిన్నజాబులను, పెద్దదానికి ఆలస్యము కలుగకుండ, జొప్పింతురు. పప్పు ఉడుకులోపల ప్రక్కపొయ్యిమీద అప్పడములు వేయించుకొనుట మనమెరుగమా? అందుచేతనే తన పనికెంత కాలము పట్టునో నిజముగా చెప్పువారికి చోటు త్వరగా దొరకును. తక్కువ చెప్పిరా, గడువు దాటగనే జాబును నిలిపివేయుదురు.

ఇంతవరకు విని మేమడిగితిమి: "అన్నియు అదియే చెప్పుచుండగా నీవు నడిరేయి లేచుటేల?"

పిల్ల కొంతసేపు పలుకలేదు. పిమ్మట చెప్పినది. ఇచటికి రాకపూర్వము వేరొకచోట చదువునప్పుడు, చిన్న క్లస్టరుమీద మూడునాళ్ళ లెక్కయొకటి వేసినదట. ఎప్పుడు చూచినను 'ఆర్' అనియే యుండెను. నడచుచున్నదిగదా యని నెమ్మదిగా నుండెను. మూడవనాడు ఫలితముల ఫైలును తెరచి చూడగా, మొదటిరాత్రి పదకొండు గంటల తరువాత అందు ఒక్క అంకెయు చేరలేదు! ఒక నోడునకు ఫైళ్ళుండు భాండారముతో సంబంధము తెగిపోయెను. ఆ నోడు పలుకరించినప్పుడెల్ల "ఉన్నాను" అనుచునే యుండెను. దానికై తక్కినవి కాచుకొని కూర్చుండెను. పెత్తనపు ప్రోగ్రామునకు అంతయు సవ్యముగనే తోచెను. పండితుల యెదుట చదువవలసిన దినము దాటిపోయెను. ఒక సంవత్సరపు శ్రమ ఆ సభలో పలుకకుండ నిలిచిపోయెను.

"నడచుట వేరు, పనిచేయుట వేరు పిన్నీ. అప్పటినుండి నాకు నిద్ర రాదు" అనినది.

జాబు మొదలైనను, ముగిసినను, చెడినను ఈ-మెయిలు పంపు సదుపాయము స్లర్మ్‌లో కలదు. కాని మొదలును చెడక, ముగియక, ఊరక నిలిచియున్నదానిని గూర్చి మెయిలు రాదు. అందుచే గంటగంటకు లేచి 'ఎస్‌క్యూ' కొట్టి చూచుకొనుచుండెను. అది యొంటరి యలవాటు గాదు. పరిశోధక విద్యార్థులలో పెక్కుమందికి ఉన్నదే. మరికొందరు సెకనునకొకసారి తానంతట తానే అడుగునట్లు అమర్చుదురు. అది తగదట, అందరును అట్లడిగినచో జవాబులు చెప్పుటతోనే పెత్తనపు ప్రోగ్రామునకు ఊపిరాడక, పంపకము మందగించును. పొయ్యిమీది అన్నమును మాటిమాటికి మూత తీసి చూచినచో ఉడుకుట ఆలస్యమగునుగదా!

మాకు కంప్యూటరు విద్య తెలియదు. తోచినదడిగితిమి: "పాలు పొంగినప్పుడు చెప్పువారున్నారు. పొయ్యి ఆరిపోయినప్పుడు చెప్పుటకు ఒకరినేర్పరచుకొనరాదా?"

పిల్ల మాట్లాడలేదు. బల్లవైపు తిరిగి వ్రాయసాగినది. మావారును మేమును వెలుపల చెట్లక్రింద తిరిగి వచ్చునప్పటికి పదునైదు పంక్తులు వ్రాసియుండెను. ఆమె స్వంత కంప్యూటరు గంటకొక్కసారి మాత్రము ఫలితపు ఫైలును చూచును. అది పెరిగినచో ఊరకుండును. పెరుగకున్న ఆమె ఫోనునకు వార్త పంపును. లెక్కలో కొంతదూరము నడచినప్పుడెల్ల అంతవరకు వచ్చినదానిని పదిలపరచునట్లు గూడ అమర్చుకొన్నది; త్రోవలో ఆగినను మరల మొదటినుండి చేయనక్కరలేదు. పనిలోనికి దిగకముందే నోడుల భాండారపు సంబంధమును, జ్ఞాపకస్థలమును నియమిత కాలములందు పరీక్షించి, లోపమున్నచో తామే డ్రెయిన్ చేయు ప్రోగ్రాములను పెద్ద స్థానములందు వాడుదురనియు చెప్పినది. ఐనను తన బిడ్డను తాను గూడ కనిపెట్టుకొనుట మంచిది.

ఆ రాత్రి ఆమెను మేము దిగిన అతిథిగృహమునకే తీసికొనిపోయితిమి. తొమ్మిది గంటలకు నిద్రించినది. తెల్లవారి చూచుకొనగా ఒంటిగంటకు జాబు మొదలైనదని జాబు వచ్చియుండెను. గంటలకాపు మాత్రము ఏమియు పలుకలేదు. ఫైలు తెరచి చూచినది. అంకెలు వరుసగా పెరుగుచునే యున్నవి. అప్పుడు మేము మరల నడిగితిమి, ఎట్లున్నావని. ఈసారి "బాగానే యున్నాను" అనలేదు. రెండు నెలలనుండి తలనొప్పి యనియు, రాత్రులు భోజనము చేయుటలేదనియు చెప్పినది. అక్కడి వైద్యునికి చూపించి, మందిప్పించితిమి. నెలకు రెండు దినములు ఇంటికి పోయి రావచ్చునని తానే లెక్కచూచి చెప్పినది. ఆ సంగతినే మా అక్కగారికి వ్రాసితిమి.

సోదరీమణులారా! నేడు మన బిడ్డలనేకులు దూరదేశములందు ఇట్టి చదువులు చదువుచున్నారు. వారి మాటలు మనకు తెలియవని దిగులుపడనక్కరలేదు. జాబ్ వేచియున్నదనినచో ఏ కారణమున వేచియున్నదని యడుగుడు, సంతోషముగా చెప్పుదురు. ఆ మాటలు మన వంటయింటి మాటలకంటె కఠినమైనవి కావు. బాగున్నారా యని యడిగినపుడు బాగున్నామని చెప్పుట వారికి సులభము, వినుట మనకు సులభము. అంతటితో విడువక, నిన్నరాత్రి యేమి తింటివని, ఎన్ని గంటలకు పండుకొంటివని రెండవ ప్రశ్న యడుగుడు. అదియు గంటకొకమారు కాదు. తగిన వేళ నొక్కమారు.